ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు: ఎవరు ఎవరితో ఉండాలన్న దాని మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. పంపకాలు, గిఫ్టులు, వీలునామాలు, కిరాయి అగ్రిమెంట్లు, ఇదే నా పని. వచ్చినవాళ్లు కాగితం గురించి అడిగేది పది నిమిషాలైతే, ఇంటి గురించి చెప్పుకునేది గంట. అమ్మ ఎవరి దగ్గర ఉండాలె, కొడుకు పెళ్లయ్యాక పైన ఉండాలా బయట ఉండాలా, బిడ్డ (మా దగ్గర బిడ్డ అంటే కూతురు) హైదరాబాద్ నుంచి వస్తలేదు ఏం చేయాలె. అడిగినవే అడుగుతుంటారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా. నేను వకీలును కాను. చట్టం గురించి రాసినవి నా టేబుల్ దగ్గర రోజూ అక్కరకొచ్చేవి మాత్రమే, విషయం కోర్టు దాకా పోయేటట్టుంటే వకీలు దగ్గరికే వెళ్లండి. మిగతాది నా అభిప్రాయం, నచ్చకపోతే వదిలేయండి.

ఒకే ఇంట్లో ఉంటే ఒకే కుటుంబం అన్నట్టేనా?

కాదు. జనాభా లెక్కల వాళ్ల పద్ధతి చాలా సింపుల్: మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటగదిలో వండింది తింటే ఒక కుటుంబం. చుట్టరికం ఉండాలని కూడా లేదు. అంటే కింద అత్తమామలు, పైన కొడుకు కోడలు, రెండు పొయ్యిలు ఉంటే అది ఒక ఇల్లు, రెండు కుటుంబాలు. కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్ రోడ్స్ దగ్గర నలుగురు పోరగాళ్లు ఒక రూమ్‌లో కలిసి వండుకుంటే వాళ్లదీ ఒక కుటుంబమే. రేషన్ కార్డు లెక్క వేరు, పెళ్లి పత్రిక మీద పేర్ల లెక్క ఇంకా వేరు.

2014 ఆగస్టు 19 గుర్తుందా, తెలంగాణ అంతా ఒకేరోజు ఇంటింటికీ తిరిగి రాసుకున్న సమగ్ర కుటుంబ సర్వే? బస్సులు బంద్, దుకాణాలు బంద్, భీవండి నుంచి సూరత్ నుంచి జనం ముందురోజే దిగిపోయారు. మా వాడలో ఒక ఇంటివాళ్లు ముగ్గురు కొడుకులను మూడు కుటుంబాలుగా రాయించుకోవాలని పొద్దున్నే మూడు అర్రల్లో మూడు పొయ్యిలు పెట్టారు. రాసుకోవడానికి వచ్చిన సారు లోపలికి తొంగి చూస్తే రెండు పొయ్యిల మీద గిన్నెలు ఖాళీ, మూడో దాని మీద పదకొండు మందికి సరిపడా అన్నం ఉడుకుతోంది. సారు నవ్వుకుంటూ ఏం రాసుకుపోయాడో ఇప్పటికీ తెలియదు.

పెళ్లైన ఏడాదికే వేరు పడితే జనం ఏమనుకుంటారు?

ఏదో ఒకటి అనుకుంటారు, ఓ రెండు నెలలు. తర్వాత వాళ్లకు ఇంకో ఇల్లు దొరుకుతుంది.

ఏరుపడుడు అనే మాట వినగానే కొట్లాట అయిందనుకుంటాం గానీ, నేను రాసిన పంపకాల్లో నవ్వుకుంటూ సంతకాలు పెట్టినవాళ్లు చాలా వరకు గొడవ రాకముందే వేరుపడ్డవాళ్లు. ఏడెనిమిదేళ్లు కలిసే ఉండి, పాల ప్యాకెట్ దగ్గర, బాత్రూమ్ లైటు దగ్గర, పిల్లల టిఫిన్ దగ్గర మనసులో పెట్టుకుని పెట్టుకుని ఒకరోజు భళ్లున బయటపడినవాళ్లు, దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టుకోవడానికి కూడా ఎదురుపడరు. యారాండ్ల మీద, అంటే తోడికోడళ్ల మీద, నెపం పెట్టడం మనకు అలవాటు, కానీ చాలాసార్లు లెక్క తేలనిది అన్నదమ్ముల మధ్యనే, ఎవరి జీతం ఎంతో ఎవరు ఎంత పెడుతున్నారో నోరు తెరిచి మాట్లాడుకోరు, ఆ మాట చివరికి వంటింట్లో గిన్నెల చప్పుడై వినిపిస్తుంది.

ఎంత దూరంలో ఉండాలని అడుగుతారు. నడిచిపోయేంత దగ్గర, కుక్కర్ విజిల్ వినపడనంత దూరం. కింద పైన ఉన్నా పరవాలేదు, మెట్లు బయటి నుంచి ఉంటే.

కింద వాళ్లు, పైన మేము. కరెంటు మీటర్ ఒకటి చాలదా?

చాలదు. రాష్ట్రం ఇచ్చే ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో తెల్ల కార్డున్న ఇంటికి 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు, 201 వస్తే పైన పడ్డ ఒక్క యూనిట్‌కు కాదు, మొత్తానికీ కట్టాలి. మా పక్కింట్లో పోయిన ఏప్రిల్‌లో 203 వచ్చింది. ఆ మూడు యూనిట్లు పైవాళ్ల కూలర్‌వా, కిందివాళ్ల మోటార్‌వా అని తేల్చుకోలేక తండ్రీ కొడుకులు వారం రోజులు మాట్లాడుకోలేదు, బిల్లు కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద అట్లనే ఉంది, ఎవరూ తీయలేదు, చివరికి కోడలు ఫోన్‌లో కట్టేసింది. పోర్షన్లు వేరైన రోజే మీటర్ కూడా వేరు పెట్టించుకోండి. నీళ్ల మోటార్ ఎవరి మీటర్ మీద ఉంటుందో అదీ అప్పుడే అనుకోండి.

రేషన్ కార్డు విడగొట్టుకోవాలా?

బియ్యం కోసమైతే తేడా లేదు, సన్నబియ్యం మనిషికి ఆరు కిలోల చొప్పున ఎట్లాగూ వస్తాయి. కానీ గ్యాస్, కరెంటు లాంటివి కార్డును చూసే ఇస్తారు కాబట్టి నిజంగా వేరే ఉంటున్నవాళ్లకు వేరే కార్డు పనికొస్తుంది. సంవత్సరాదాయం పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటకూడదు. ఒక హెచ్చరిక: పాత కార్డులోంచి పేరు తీయించుకుని కొత్తదాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. 2025లో కొత్త కార్డులు ఇచ్చేదాకా ఇట్లా రెండింటికీ చెడి ఏళ్లకేళ్లు ఉన్నవాళ్లు నాకు తెలుసు.

కొడుక్కు 28 వచ్చాయి, గ్రూప్స్‌కు చదువుతున్నానని ఇంట్లోనే ఉంటున్నాడు. ఎన్నాళ్లు?

వరంగల్‌లో ఈ ప్రశ్న అడగని వీధి ఉండదేమో. నోటిఫికేషన్ పడదు, పడితే కోర్టులో ఆగుతుంది, ఆగింది తేలేలోపు ఇంకో రెండేళ్లు. పిల్లవాడిని అని లాభం లేదు, అట్లని వదిలేసీ లాభం లేదు.

నేను చూసిన వాటిల్లో కుదిరిన పద్ధతి ఇది: ఇన్ని అటెంప్టులు, ఈ తారీఖు వరకు అని తండ్రి కాదు, కొడుకే చెప్పాలి. ఇంట్లో ఒక పని పూర్తిగా అతనిదై ఉండాలి, అడిగితే చేసే పని కాదు, అతను చేయకపోతే ఆగిపోయే పని. మా తమ్ముడి కొడుకు మూడేళ్లు చదివాడు, ఆ మూడేళ్లు నానమ్మను ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోవడం, షుగర్ గోలీలు తేవడం, చీటీలో రాసుకోవడం అంతా వాడిదే. ఉద్యోగం రాలేదు, ఇప్పుడు ప్రైవేటులో చేస్తున్నాడు, కానీ ఆ ఇంట్లో వాడిని ఎవరూ ఖాళీగా ఉన్నాడని అనలేదు.

అదే 28 ఏళ్ల బిడ్డ ఇంట్లో కూర్చుని చదువుతానంటే మాత్రం ఎన్నాళ్లని అడగరు, ఇంకా సంబంధాలు చూస్తలేరా అని అడుగుతారు. వంట కూడా ఆమె మీదే పడుతుంది, చదువు రాత్రి పదకొండు తర్వాత. ఇది బాగాలేదు, ఇంతకంటే మెల్లగా చెప్పడం నాకు రాదు.

బిడ్డ కూకట్‌పల్లిలో హాస్టల్‌లో ఉండి ఉద్యోగం చేస్తోంది. ఇక్కడ ఆమె గదిని కిరాయికి ఇవ్వొచ్చా?

ముందు ఆమెను అడగండి. బతుకమ్మకు వచ్చినప్పుడు హాల్‌లో పరుపు వేసి పడుకోమంటే, తర్వాతి ఏడాది మొదటిరోజు ఎంగిలిపూల నాడు కాక చివరిరోజు సద్దుల నాడు వచ్చి తెల్లారే వెళ్లిపోతుంది.

బ్యాచిలర్లకు ఇల్లు ఎందుకివ్వరు?

ఇస్తారు, నయీంనగర్‌లో కిషన్‌పురలో సగం ఇళ్ల పైఅంతస్తులు వాళ్ల కిరాయి మీదే నిలబడ్డాయి. ఓనర్ల భయమంతా నీళ్లు, రాత్రిపూట చప్పుడు, వచ్చిపోయేవాళ్లు. అగ్రిమెంట్‌లో ఎంతమంది ఉంటారు, మోటార్ ఎవరు వేస్తారు, ఖాళీ చేసేటప్పుడు సున్నానికి ఎంత పట్టుకుంటారు అనే మూడూ రాయించుకుంటే సగం గొడవలుండవు. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని రోజూ అడుగుతారు: 1908 చట్టంలో ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు అలవాటైంది, కానీ మన దగ్గర 1999 సవరణ తర్వాత ఎంత కాలం లీజైనా రిజిస్ట్రేషన్ చేయించాలి.

పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్నాం. నేరమా?

ఇద్దరూ 18 దాటినవాళ్లు, ఇష్టపడి ఉంటున్నారు అంటే నేరం కాదు. ఓనర్ ఇల్లు ఇవ్వనంటే మాత్రం బలవంతం చేయలేరు. 2005 గృహహింస చట్టం పెళ్లిలాంటి సంబంధంలో ఉన్న స్త్రీకి కూడా వర్తిస్తుంది, ఇది చాలామంది అమ్మాయిలకు తెలియదు. కిరాయి అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ రాయించుకోండి. ఒక్కరి పేరు మీదే ఉంటే, తెగతెంపులైన రాత్రి బ్యాగు సర్దుకోవాల్సింది రెండోవాళ్లు.

ఇల్లరికం పోతే చులకన అయిపోతామా?

మామగారి ఊళ్లో మీకు వేరే పని, వేరే జేబు ఉంటే ఎవరూ చులకన చేయరు. ఆయన దుకాణంలోనే కూర్చుని, ఆయన స్కూటర్ మీదే తిరుగుతుంటే ఎంత మంచి మామ అయినా ఏదో ఒకరోజు మాట వస్తుంది. "మా తర్వాత అంతా నీదే కదా బిడ్డా" అన్న మాటను నమ్మి పదిహేనేళ్లు వాళ్ల పొలం దున్నిన అల్లుడు నా దగ్గరికి వచ్చి ఏడ్చిన రోజు ఉంది. ఆస్తి బిడ్డ పేరు మీదనా, అల్లుడి పేరు మీదనా, ఇద్దరి పేరు మీదనా అనేది పెళ్లప్పుడే మాట్లాడండి. నన్నడిగితే బిడ్డ పేరు మీద.

మా ఆయన దుబాయిలో ఉంటాడు, నేను అత్తమ్మ దగ్గర ఉంటున్నా. ఇంటి పెద్ద ఎవరు?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చే ప్రశ్న ఇది, పాత రోజుల్లో మా మిల్లు వాడల నుంచి సూరత్, భీవండి పోయినవాళ్ల ఇళ్లలోనూ ఇదే కథ. రేషన్ కార్డు మీదైతే సమాధానం ఉంది: 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఇంట్లో 18 దాటిన ఆడవాళ్లలో పెద్దామే కుటుంబ పెద్ద, అంటే మీ అత్తమ్మ. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్నదే అసలు ప్రశ్న కదా. మొత్తం తండ్రి ఖాతాకే పంపితే భార్య పిల్లల ఫీజుకు కూడా చేయి చాపాలి, మొత్తం భార్యకే పంపితే ముసలివాళ్లు గోలీలకు అడగలేక మానేస్తారు. రెండు ఖాతాలకు పంపమనండి, ఎవరికెంతో ఇద్దరికీ తెలిసేటట్టు.

ఆయన లేనప్పుడు ఇంట్లోంచి వెళ్లిపొమ్మంటే? కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉంది. ఆ ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నా ఈ హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఇల్లు మీదైపోతుందని కాదు, ముసలివాళ్ల అవస్థ కూడా కోర్టు చూస్తుంది, వేరే చోట వసతి చూపించమనీ అనొచ్చు.

అమ్మను నెలకొకరి దగ్గర పెట్టుకుందామని అన్నదమ్ములం అనుకున్నాం. మంచిదేనా?

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఏమనుకోకండి.

మా కాలనీలో ఒక పెద్దామె ఉండేది. ఇద్దరు కొడుకులు, రెండు ఇళ్ల మధ్య నాలుగు గల్లీలు. ఒకటో తారీఖు పొద్దున ఆటోలో ఒక చిన్న రేకు పెట్టె, గోలీల క్యారీ బ్యాగు, ఇత్తడి చెంబు, ఆమె. పెట్టెకు తాళం ఉండేది, చెవి కొంగుకు. ఒకసారి పెద్దకొడుకు ఇంటి ముందు ఆటో ఆగింది, అతను బయటికి వచ్చి "ఇయ్యాల ముప్పై ఒకటే కదా అవ్వా" అన్నాడు. ఆ నెలకు 31 రోజులు. ఆ ఒక్కరోజు ఎవరిదో ముందే అనుకోలేదు. చిన్నకొడుకు అప్పటికే అత్తగారి ఊరికి బయల్దేరిపోయాడు, ఇంటికి తాళం. ఆమె ఆటో దిగలేదు, "నడువు బిడ్డా, ఆ గుడి దాకా పోదాం" అని ఆటో అతనితోనే అన్నది. సాయంత్రం వరకు భద్రకాళి గుడి మెట్ల దగ్గర పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంది. పెద్దకోడలే వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోయింది.

కొడుకులు దుర్మార్గులు కారు. పెద్దతను ఇప్పటికీ ఆ మాట ఎత్తితే కళ్లు తుడుచుకుంటాడు. కానీ వంతులంటే ఇదే: నెల లెక్కతో మొదలవుతుంది, రోజుల లెక్కలోకి దిగుతుంది. ముసలివాళ్లకు కావాల్సింది అన్నం ఒక్కటే కాదు, ఒక మంచం, దాని కింద చెప్పులు పెట్టుకునే చోటు, రాత్రి లేస్తే చీకట్లో చేతికి తెలిసిన గోడ. ప్రతి నెలా గోడ మారితే పడిపోతారు, నిజంగానే, తుంటి విరిగిన కేసులు చూశాను.

నా సలహా: అమ్మ ఒకచోటే ఉండాలి, ఎక్కడన్నది ఆమె చెప్పాలి. రెండోవాళ్లు డబ్బు పెట్టాలి, వారానికి ఒక పూట వచ్చి కూర్చోవాలి, ఆ ఇంటి కోడలికి ఏడాదికి కనీసం పదిహేను రోజులు సెలవివ్వాలి. సెలవు అనే మాట కావాలనే రాశాను. వంతులు తప్పవు అనుకుంటే కనీసం మూణ్నెల్లకు ఒకసారి పెట్టుకోండి, మంచం రెండిళ్లలోనూ ఒకే దిక్కున వేయండి.

అమ్మానాన్నలను చెరొకరు పంచుకోవడం అనే పద్ధతి ఒకటుంది. దయచేసి వద్దు.

నాన్న పోయాక అమ్మను హైదరాబాద్ రమ్మంటే రావట్లేదు. బలవంతంగా తీసుకుపోవాలా?

పదకొండో అంతస్తులో లిఫ్ట్ బటన్ నొక్కడం రాక రోజంతా బాల్కనీలో నిలబడే అమ్మలను చూశాను. ఇక్కడైతే పొద్దున వాకిట్లో నీళ్లు చల్లేసరికి నలుగురు పలకరిస్తారు. రాత్రిపూట తోడు ఒకరిని కుదర్చండి, నమ్మకమైన కుటుంబానికి పక్క పోర్షన్ కొంచెం తక్కువ కిరాయికి ఇవ్వండి, బాత్రూమ్‌లో పట్టుకునే రాడ్లు వేయించండి, మీరు నెలకు రెండుసార్లు రండి. కాజీపేట ఏమంత దూరం కాదు, రెండున్నర గంటలు. మతిమరుపు మొదలై గ్యాస్ వెలిగించి మర్చిపోతున్నదంటే అది వేరే సంగతి, అప్పుడు ఆమె ఇష్టం కోసం ఆగకండి.

మా బాపు ఇల్లు కొడుకు పేరు మీద రాసిచ్చాడు. ఇప్పుడు సరిగ్గా చూడట్లేదు. వెనక్కి వస్తుందా?

కాగితంలో ఏం రాసుందో చూడాలి. 2007 తల్లిదండ్రులు, వయోవృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ఉంది: బాగోగులు చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, వాళ్లు చూడకపోతే ఆ రాసివ్వడాన్ని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. షరతు మీద అన్నదే ముఖ్యం. "ప్రేమాభిమానాలతో రాసిచ్చితిని" అని మాత్రమే ఉంటే కష్టం. నేను రాసే ప్రతి గిఫ్ట్ డీడ్‌లో ఆ వాక్యం పెడతానంటాను, పెద్దవాళ్లే వద్దంటారు, "కొడుకు ముంగట అట్ల రాయిస్తే ఏమన్న బాగుంటదా సారూ" అని. కొడుకు పక్కనే కుర్చీలో ఫోన్ చూసుకుంటూ ఉంటాడు, ఏమీ అనడు.

ఇంకా మంచిది, బతికున్నంత కాలం రాసివ్వకండి. వీలునామా రాసుకోండి, ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. పాతకాలంలోనైతే తాళం చెవుల గుత్తి నడుముకు ఉన్నంత వరకే మాట చెల్లేది, ఇప్పుడు ఆ గుత్తి స్థానంలో పట్టా ఉంది.

పోషణ కోసం కేసు పెట్టాలంటే ఎక్కడికి పోవాలి?

ఆర్డీవో ఆఫీసుకు, పైన చెప్పిన 2007 చట్టం ట్రిబ్యునల్ అదే. 60 దాటిన ఎవరైనా, తల్లిదండ్రులైతే 60 నిండకపోయినా అడగొచ్చు. వకీలు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం, నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు ఇప్పించొచ్చు. తీర్పు నచ్చకపోతే పెద్దవాళ్లు 60 రోజుల్లో కలెక్టర్ దగ్గరికి అప్పీలు చేసుకోవచ్చు. పోవడానికి కాళ్లాడకపోతే 14567కు ఫోన్ చేయండి, వృద్ధుల హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు.

బిడ్డలు కూడా పోషించాలా? వాళ్లకు వాటా ఎట్లాగూ ఇవ్వలేదు కదా.

పోషించాలి, పెళ్లైన బిడ్డకూ ఆ బాధ్యత ఉంది. వాటా సంగతి ఏమిటంటే, మన దగ్గర అప్పటి ఉమ్మడి రాష్ట్రం 1985 సెప్టెంబర్ 5 నుంచే పెళ్లి కాని బిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది, 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతా, పెళ్లైందా లేదా అన్న పట్టింపు లేకుండా. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరై పూర్తయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. కట్నం ఇచ్చాం కదా అంటారు. కట్నం తీసుకోవడం ఇవ్వడం రెండూ నేరం, ఆ లెక్క ఏ కాగితంలోనూ రాయలేను.

నాకు 46, పెళ్లి చేసుకోలేదు, ఒంటరిగా ఉంటాను. అన్నయ్య వచ్చి ఉండమంటున్నాడు.

మీకు ఇష్టమైతేనే. ఆడిబిడ్డ వచ్చి ఉండటానికీ, వంటమనిషి లేని ఇంటికి ఆడిబిడ్డను రమ్మనడానికీ తేడా ఉంది, ఏదో మీకే తెలుస్తుంది. ఆదాయం లేనివాళ్లకు రాష్ట్రంలో ఒంటరి మహిళల పింఛను 2017 నుంచి ఉంది, పెళ్లి కాని వాళ్లకైతే పల్లెలో 30, పట్నంలో 35 దాటాలి. మీకు వీలునామా తప్పకుండా కావాలి.

సింగరేణి క్వార్టర్ ఖాళీ చేశాక ఎక్కడికి?

గోదావరిఖని, భూపాలపల్లి నుంచి దిగి మా చుట్టుపక్కల ప్లాట్లు కొనుక్కున్నవాళ్లు చాలామంది ఉన్నారు. రిటైర్ అయ్యే ఏడాది కాకుండా ఐదేళ్ల ముందు నుంచి చూసుకోండి. పైమెట్ల ఇల్లు కొనకండి, గనిలో ముప్పై ఏళ్లు దిగి ఎక్కిన మోకాళ్లవి.

ఇంటి తాళం చెవి ఎంతమంది దగ్గర ఉండాలి?

చిన్న ప్రశ్న అనుకుంటారు. మా ఇంట్లో నాలుగు ఉన్నాయి: నాది, మా ఆవిడది, హైదరాబాద్‌లో ఉన్న కొడుకుది, నర్సంపేటలో ఉన్న బిడ్డది. బిడ్డకు పెళ్లైన రోజు అప్పగింతలప్పుడు ఆమె బ్యాగులోంచి చెవి తీసి మా ఆవిడ చేతిలో పెట్టబోయింది. మా ఆవిడ తీసుకోలేదు. పదకొండేళ్లయింది, ఇప్పటికీ మేం ఊళ్లో లేనప్పుడు వచ్చి తులసికి నీళ్లు పోసి, ఫ్రిజ్‌లో పాడైన కూరగాయలు పారేసి, ఒక చీటీ రాసిపెట్టి వెళ్తుంది.